నష్టం జరగకముందే పడాల్సిన పేచీ

(సంగీతం నేర్చుకునేవాళ్ళు, నేర్పేవాళ్ళు కలిసిన ఒక సమావేశంలో ఇచ్చిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

సంగీతం వినడానికి వచ్చినవాళ్ళ ముందు బీమా గురించి మాట్లాడమన్నారు. సగం మంది లేచిపోతారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. అంటే ఇంట్లో మంచి వాయిద్యం ఉండి, దాని గురించి లోలోపల టెన్షన్ పడుతున్నవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారన్నమాట. నా పని క్లెయిములు పరిశీలించడం. నిప్పో, నీళ్ళో, దొంగో, చెయ్యి జారడమో, ఏదో ఒకటి అయిపోయాకే నన్ను పిలుస్తారు. కాబట్టి నేను చెప్పేదంతా ఆ చివరి నుంచి చూసినవాడి మాట.

మధ్యలో వెళ్ళాల్సినవాళ్ళు ఉంటారు కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేస్తాను. వాయిద్యాల క్లెయిముల్లో నష్టం జరిగిందా లేదా అన్న పేచీ తక్కువ. విరిగిన వీణ కళ్ళెదుట కనిపిస్తూనే ఉంటుంది. పేచీ అంతా దాని విలువ ఎంత అన్నదాని మీదే. అది నష్టం జరిగాక మొదలైతే కంపెనీది పైచెయ్యి. పాలసీ తీసుకునే రోజే మొదలుపెడితే మీది పైచెయ్యి. ఆ రోజు వాళ్ళకి మీ ప్రీమియం కావాలి కదా!

"ఇంటికి పాలసీ ఉందండీ, సామానంతా అందులో వచ్చేస్తుంది" అని చాలామంది ధీమాగా ఉంటారు. నిజమే, వస్తుంది. ఎలా వస్తుందో చూడండి. గృహబీమా లెక్కలో మీ వయొలిన్ కూడా ఇంటి సామానే. మంచం, బీరువా, వయొలిన్ అన్నీ ఒకే జాబితాలో ఉంటాయి. మంచం పాతబడితే విలువ తగ్గుతుంది. మంచి పనివాడి చేతిలో తయారైన వయొలిన్‌కి ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పెరగొచ్చు. ఆ పాలసీకి ఈ తేడా పట్టదు. చాలాసార్లు రెండింటికీ ఒకే తరుగు కట్టి ఊరుకుంటుంది.

దాని మీద ఇంకో తాళం ఉంటుంది. మొత్తం సామానుకి ఎంత బీమా ఉన్నా, ఏ ఒక్క వస్తువుకీ ఇంతకు మించి ఇవ్వం అని ఒక గరిష్ఠ పరిమితి పెడతారు. అది మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండదు. పాలసీ కాగితాలు తిరగేసి ఆ ఒక్క వాక్యం వెతకండి చాలు. మీ వాయిద్యం విలువ ఆ పరిమితి దాటితే, దాటినంత మేరా బీమా లేనట్టే.

ఇంకొకటి. మామూలు గృహబీమా చాలాసార్లు పేర్లు చెప్పిన ప్రమాదాలకే వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, పైపు పగలడం, తలుపు పగలగొట్టి చేసిన దొంగతనం, ఇలాంటివి. కానీ ఇంట్లో ఉన్న వాయిద్యానికి అన్నిటికన్నా తరచుగా జరిగేదేమిటి? స్టాండు మీద నుంచి జారిపడటం. పెట్టె మూసేటప్పుడు గొళ్ళెం సరిగ్గా పడక, ఎత్తగానే తెరుచుకుని పడిపోవడం. నేల మీద పడుకోబెట్టిన గిటారు మీద ఎవరో కాలెయ్యడం. ఇవన్నీ పొరపాటున జరిగే నష్టాలు. ఆ రక్షణ విడిగా కొనుక్కుంటే తప్ప చాలా పాలసీల్లో ఉండదు.

అందుకని రెండు దారులున్నాయి. గృహబీమాలోనే వాయిద్యాన్ని పేరు, తయారీదారు, సీరియల్ నంబరు, విలువతో సహా విడిగా షెడ్యూల్లో, అంటే పాలసీకి జతచేసే వస్తువుల జాబితాలో, రాయించడం ఒకటి. వాయిద్యాలకే ప్రత్యేకంగా ఉన్న పాలసీ తీసుకోవడం రెండోది. ఇల్లు దాటి బయటకి వెళ్ళని వాయిద్యానికి మొదటిది సాధారణంగా సరిపోతుంది. పాఠానికో కచేరీకో తీసుకెళ్తుంటే రెండోదే మేలు. గృహబీమా గడప దాటితే ఎంతవరకు పనిచేస్తుందన్నది పాలసీకో రకంగా ఉంటుంది.

ఇప్పుడు విలువ సంగతికి వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పాలసీల్లో విలువ కట్టే పద్ధతులు ముఖ్యంగా మూడు. పాతదానికి బదులు కొత్తది కొనుక్కునే ఖర్చు ఇవ్వడం మొదటిది. ఫ్యాక్టరీ కీబోర్డుకి, కొత్త గిటారుకి ఇది చక్కగా సరిపోతుంది. అదే మోడల్ మళ్ళీ కొనుక్కోవచ్చు. నష్టం జరిగిన రోజు మార్కెట్లో ఎంత పలుకుతుందో అంత ఇవ్వడం రెండోది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ చేతితో చేసిన వాయిద్యానికి మార్కెట్ ధర ఎవరు చెప్తారు? మీరొక నిపుణుణ్ణి తెస్తారు, కంపెనీ ఒకణ్ణి తెస్తుంది. ఇద్దరూ మంచివాళ్ళే. అయినా అంకెలు కలవవు. మూడోది ముందే ఒప్పుకున్న విలువ. ఈ వాయిద్యం పూర్తిగా పోతే ఇంత ఇస్తాం అని పాలసీలోనే రాస్తారు. తర్వాత బేరం ఉండదు.

పాత వాయిద్యం, చేతిపని వాయిద్యం, అరుదైన వాయిద్యం ఇంట్లో ఉంటే ఈ మూడోదే అడగండి. ఏజెంటు "అన్నీ ఒకటేనండీ" అంటే నమ్మకండి. ఒకటే కాదు.

కొన్ని పాత వీణల మీద ఏనుగు దంతంతో చేసిన నగిషీ ఉంటుంది. కొన్ని పాత వయొలిన్ కమానుల కొస దగ్గర కూడా సన్నటి దంతపు పలక ఉంటుంది. చాలా దేశాల్లో దంతం అమ్మకం మీద నిషేధాలో గట్టి ఆంక్షలో ఉన్నాయి. మార్కెట్ ధర ఇస్తామన్న పాలసీలో, అమ్ముకోవడానికే వీల్లేని వస్తువుకి ధర ఎక్కడి నుంచి తెస్తారు? ఈ చిక్కు తీరాలన్నా ముందుగా విలువ ఒప్పించుకోవాల్సిందే.

ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ రాయించేవాళ్ళుంటారు. "మొత్తం పోతుందా ఏంటి, ఏదో చిన్న రిపేరు వస్తే చాలు" అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. చాలా పాలసీల్లో దామాషా షరతు ఉంటుంది. వాయిద్యం అసలు విలువలో సగానికే బీమా చేశారనుకోండి. రిపేరు బిల్లులోనూ సగమే వస్తుంది. బిల్లు మొత్తం బీమా చేసిన మొత్తంకన్నా ఎంత తక్కువైనా సరే, సగమే. మిగతా సగానికి మీ బీమా మీరే చేసుకున్నారని కంపెనీ వాదన. నాకు ఈ షరతు నచ్చదు. మామూలు మనిషికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పరు దీన్ని. కానీ రాసి ఉన్నప్పుడు నాకు నచ్చకపోయినా కొట్టెయ్యలేను.

ఇక రిపేరైన తర్వాతి సంగతి. దీన్ని దాదాపు ఎవరూ అడగరు. వయొలిన్ లోపల, తీగలు ఆనే బ్రిడ్జి కుడికాలికి కొంచెం వెనకగా, సన్నటి పుల్ల లాంటి కర్ర నిలబడి ఉంటుంది. సౌండ్ పోస్ట్ అంటారు. పైపలక కంపనాన్ని వెనకపలకకి అందిస్తుంది, తీగల ఒత్తిడిని మోస్తుంది. వాయిద్యం పడినప్పుడు ఆ పుల్ల గుచ్చుకుని వెనకపలక సరిగ్గా అక్కడే చీలితే, వయొలిన్ రిపేరర్లు తల పట్టుకుంటారు. బాగుచెయ్యొచ్చు. లోపలి నుంచి కొంత చెక్క తొలిచి, కొత్త చెక్క అతికి, మళ్ళీ పాత మందానికి తెస్తారు. మోగుతుంది కూడా. కానీ రేపు అమ్మబోతే కొనేవాడు ఆ అతుకు చూసి ధర బాగా తగ్గించేస్తాడు. కమాను తల విరిగినా ఇదే కథ. అతికినా దాని విలువలో పెద్ద భాగం పోయినట్టే.

రిపేరు ఖర్చు ఒక నష్టం, రిపేరయ్యాక తగ్గిన విలువ ఇంకో నష్టం. మొదటిది సాధారణంగా పాలసీ ఇస్తుంది. రెండోది ఇస్తుందా లేదా అన్నది పాలసీలో స్పష్టంగా ఉండాలి. వాయిద్యాల ప్రత్యేక పాలసీలు మంచివాటిలో ఉంటుంది. గృహబీమాలో ఉండటం చాలా అరుదు. పాలసీ కాగితంలో ఒక్క మాటే వెతకాలనుకుంటే ఈ మాట వెతకండి.

నాలాంటి సర్వేయరు, అంటే నష్టం పరిశీలించేవాడు, వచ్చి ఏం చూస్తాడో కొంచెం చెప్తాను. పగులు చూపిస్తే ముందు భూతద్దం తీస్తాను. కొత్త పగులు లోపల చెక్క తెల్లగా, శుభ్రంగా ఉంటుంది, అంచులు పదునుగా ఉంటాయి. పాత పగులులో మురికి, చెమట జిడ్డు, పాలిష్ చేరి నల్లటి గీత కట్టేస్తుంది. వయొలిన్ అయితే కమానుకి రాసే రోజిన్ పొడి కూడా అందులో ఉంటుంది. కాబట్టి, ఎప్పటి నుంచో ఉన్న పగులుని నిన్నటి ప్రమాదానికి అంటగట్టొద్దు. ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఒక్కదాంతో మీరు చెప్పే నిజమైన నష్టం మీద కూడా అనుమానం వస్తుంది.

పగులు వేరు, అతుకు విడిపోవడం వేరు. వయొలిన్ కుటుంబంలోని వాయిద్యాల పలకలని పక్కపట్టీలకి అతికేది జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో. తేమకి, వేడికి అది మెత్తబడుతుంది. అది లోపం కాదు, తెలిసే అలా చేస్తారు. చెక్క ఉబ్బినా కుదించుకున్నా, చెక్క చీలేబదులు అతుకు వదులుతుంది. మళ్ళీ అతికితే సరి. అందుకే అతుకు విడిపోవడాన్ని కంపెనీలు నష్టం కింద కాదు, నిర్వహణ ఖర్చు కింద లెక్కేస్తాయి. ఈ విషయంలో నేను వాళ్ళ పక్షమే.

వాళ్ళు కట్టకుండా వదిలేసేవి ఇంకా ఉన్నాయి. తీగలు, రీడ్లు, మృదంగం మూతలు, వారులు అరిగితే ఇవ్వరు. చెదలు, పురుగు పడితే ఇవ్వరు. క్రమంగా వచ్చే తేమ, పొడిగాలి, ఎండ వల్ల చెక్క వంగినా చీలినా ఇవ్వరు. వీణ మెట్లు మైనంలో కూర్చోబెట్టి ఉంటాయి కదా. కిటికీ పక్కన ఎండలో పెడితే ఆ మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి. మేళం మళ్ళీ కట్టించాల్సిందే, అంటే మెట్లన్నీ మైనంలో మళ్ళీ కూర్చోబెట్టించాల్సిందే. ఆ ఖర్చు మీదే. ఏ వీణకైనా కొన్నేళ్ళకోసారి మేళం కట్టించడం మామూలే కాబట్టి, దాన్ని ప్రమాదమని ఎవరూ ఒప్పుకోరు. గదిలో గాలి తేమ సుమారు 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే చెక్క వాయిద్యాలకి హాయి. చిన్న తేమ మీటరు ఒకటి గోడకి తగిలించుకోండి. బీమా ఇవ్వని నష్టాన్ని ఆపేది అదే.

నీళ్ళ గురించి ఒక మాట. 2010 మే నెలలో అమెరికాలోని నాష్‌విల్‌లో కంబర్లండ్ నది పొంగినప్పుడు, సంగీతకారులు వాయిద్యాలు దాచుకునే పెద్ద గోదాములోకి నీళ్ళు వచ్చాయి. ఎందరో పేరున్న గిటారిస్టుల వాయిద్యాలు పెట్టెలతో సహా మునిగాయి. పెట్టె వానజల్లుని ఆపుతుందేమో గానీ, నిలిచిన నీటిని ఆపదు. ఇంట్లో అయినా అంతే. పైన వాటర్ ట్యాంకు, పక్కన వాషింగ్ మెషిను, కింద నేల. ఈ మూడింటికీ దూరంగా, నడుమెత్తు అరలో వాయిద్యం పెట్టుకోండి. ఇంకో సంగతి, వరద నష్టం పాలసీలో ఉందో లేదో విడిగా చూసుకోండి. పైపు పగలడం, వరద రావడం పాలసీ భాషలో ఒకటి కావు.

కీబోర్డులు, ఆంప్లిఫయర్లు ఉన్నవాళ్ళకి క్లుప్తంగా. కరెంటు హెచ్చుతగ్గులకి బోర్డు కాలిపోతే చాలా పాలసీలు ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ అని పక్కన పెడతాయి. దాని నుంచి మంట పుట్టి గదికి అంటుకుంటే, అప్పుడది అగ్నిప్రమాదం. సర్జ్ ప్రొటెక్టర్ కొనుక్కోండి, ఈ వాదన దాకా రాదు.

ఇక్కడ పాఠాలు చెప్పే మాస్టర్లు, అమ్మగార్లు చాలామంది కనిపిస్తున్నారు. మీకొక హెచ్చరిక. ఇంట్లో డబ్బులు తీసుకుని పాఠం చెప్తే, చాలా గృహబీమాల దృష్టిలో అది వ్యాపారం. ఆ వాయిద్యం వ్యాపార పరికరం. ఆ సంగతి కంపెనీకి చెప్పకపోతే క్లెయిము రోజున అదే ముందుకొస్తుంది. చెప్పండి, ఉత్తరం రూపంలో చెప్పండి, జవాబు దాచుకోండి. శిష్యులు మీ ఇంట్లో వదిలివెళ్ళే వాయిద్యాలు మీవి కావు కాబట్టి, మామూలుగా మీ పాలసీలోకి రావు. మీ అధీనంలో ఉన్న ఇతరుల వస్తువులకి అంటూ విడిగా రాయించుకుంటేనే వస్తాయి.

ఇప్పుడు కొంచెం కథలు. (నవ్వులు) వీటిలో వాయిద్యాలు పోయింది ఇంట్లో కాదు. అయినా చెప్తున్నాను, పాలసీ డబ్బు అందాక వాయిద్యం ఎవరిదన్న విషయం వీటిలోనే బాగా తెలుస్తుంది.

1936లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో బ్రోనిస్లా హూబర్మన్ అనే పేరున్న వయొలినిస్టు వేదిక మీద ఒక వయొలిన్ వాయిస్తుంటే, గ్రీన్ రూములో ఉన్న ఆయన స్ట్రాడివేరియస్, అంటే ఇటలీ పనివాడు స్ట్రాడివేరి చేసిన వయొలిన్, మాయమైంది. లండన్‌లోని లాయిడ్స్ బీమా డబ్బు కట్టింది. ఆయన 1947లో పోయారు, వయొలిన్ మాత్రం దొరకలేదు. దాన్ని దశాబ్దాల పాటు ఒక మామూలు వయొలినిస్టు వాయించుకుంటూ వచ్చాడు. 1985లో చనిపోయే ముందు భార్యకి నిజం చెప్పాడు. మరి అప్పుడది ఎవరిది? లాయిడ్స్‌ది. పరిహారం చెల్లించిన రోజే హక్కు వాళ్ళకి వెళ్ళిపోయింది. ఆ వయొలిన్ ఇప్పుడు వయొలినిస్టు జాషువా బెల్ దగ్గరుంది.

రోమన్ టోటెన్‌బర్గ్ అనే ఇంకో వయొలినిస్టుది ఇంకో తీరు. ఆయన స్ట్రాడివేరియస్ 1980లో పోయింది, బీమా డబ్బు వచ్చింది. ఆయన 2012లో 101 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. వయొలిన్ 2015లో దొరికింది. ఆయన కూతుళ్ళు అప్పటి బీమా మొత్తాన్ని కంపెనీకి తిరిగి కట్టి వాయిద్యాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఇలా వెనక్కి కొనుక్కునే హక్కు కొన్ని పాలసీల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. అందులోనూ ఏ ధరకి? అప్పుడిచ్చిన మొత్తానికా, దొరికిన రోజు మార్కెట్ ధరకా? ముప్ఫై అయిదేళ్ళలో ఈ రెండిటి మధ్య ఎంత దూరం పెరుగుతుందో ఊహించుకోండి. తాతగారి వాయిద్యం ఇంట్లో ఉన్నవాళ్ళు ఈ క్లాజు అడిగి మరీ రాయించుకోవాలి.

మూడోది గడపకి దగ్గరలో జరిగింది. 2004లో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ అనే వాద్యబృందం వాళ్ళ చెల్లో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాయిద్యం), 1684లో స్ట్రాడివేరి చేసినది, ఒక రాత్రి వాయిద్యకారుడి ఇంటి ముందు వరండాలో ఉండిపోయింది. తెల్లారేసరికి లేదు. కొన్ని రోజులకి చెత్త పడేసే చోట ఒకావిడకి దొరికింది. దాన్ని సీడీలు పెట్టుకునే అల్మరాగా మార్పిద్దామని ఆవిడ ఆలోచించిందట. (నవ్వులు) ఈలోగా సంగతి తెలిసి తిరిగి ఇచ్చేశారు. కానీ చెక్క పగిలింది, రిపేరు చెయ్యాల్సి వచ్చింది. మన విషయానికొస్తే, వరండా ఇల్లేనా కాదా? తాళం వేసిన తలుపు పగలగొట్టి దొంగిలిస్తేనే అన్న షరతున్న పాలసీలో కాదు. కాపలా లేకుండా వదిలేసిన వస్తువు అంటారు. కారులో వదిలినా ఇంతే. అలాగే ఇల్లు తాళం వేసి వరసగా నెల రోజులో రెండు నెలలో ఎవరూ లేకపోతే, దొంగతనానికీ నీళ్ళ నష్టానికీ రక్షణ ఆగిపోయే పాలసీలు చాలా ఉన్నాయి. ఊరెళ్ళేముందు ఆ గడువు చూసుకోండి.

ఫోటోల సంగతి. వాయిద్యం నిలువుగా నాలుగు వైపుల నుంచీ తీయండి. తర్వాత గుర్తులు. వయొలిన్ అయితే పైపలక మీది ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి కనిపించే లేబులు, తల మీది చుట్ట, వెనకపలక చెక్క చారలు. ఏ రెండు పలకల చారలూ ఒకేలా ఉండవు, వేలిముద్రలంత గట్టి గుర్తులవి. వీణ అయితే కొసన ఉండే యాళి ముఖం, కుండ, దండి కలిసే చోటు, నగిషీ. ఒకే దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ అయితే ఆ చోట అతుకు లేదని తెలిసేలా దగ్గరగా తీయండి. అతుకు వీణకీ దానికీ విలువలో తేడా ఉంది. పాత దెబ్బలు కూడా తీయండి, దాచకండి. అవి మీవైపు సాక్ష్యం, కొత్త దెబ్బేదో పాత దెబ్బేదో విడిగా తేల్చేస్తాయి. ఈ ఫోటోలు వాయిద్యమున్న ఇంట్లోని కంప్యూటరులోనే ఉంచితే, ఇల్లు కాలిన రోజు రెండూ పోతాయి.

నేను చెప్పదలచుకుంది ఇంతే. అడగండి.

(ఒక శ్రోత: మా అత్తగారి వీణ ఉందండీ. చేసినాయన పోయారు, రసీదు లేదు. విలువ ఎలా కట్టించాలి?)

మంచి ప్రశ్నమ్మా. వీణలు చేసే పనివాడి చేత గానీ, ఏళ్ళ తరబడి రిపేర్లు చేస్తున్న మనిషి చేత గానీ రాయించండి. ఈ రోజు ఇదే చెక్కతో, ఇదే పనితనంతో చేయిస్తే ఎంతవుతుందో ఆయన రాయాలి. తన పేరు, సంతకం, తేదీ ఉండాలి. ఒక్కటే జాగ్రత్త, ఆ వీణ కొనాలనుకుంటున్న మనిషి చేత రాయించకండి. ఆయనకి తక్కువ రాయడంలోనే లాభం. మూడేళ్ళకోసారి ఆ కాగితం మార్చండి.

(మరో శ్రోత: పిల్లలు నేర్చుకోవడానికి కొన్న చవకరకం వయొలిన్‌కి కూడా కావాలా?)

అక్కర్లేదండి. ప్రతి క్లెయిములో మొదటి కొంత మొత్తం మీరే భరించాలని పాలసీలో ఉంటుంది. చవక వయొలిన్ విలువ దానికి దగ్గరగా ఉంటే, ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టడం దండగ. ఆ డబ్బుతో గట్టి పెట్టె కొనండి. అద్దెకి తెచ్చిన వాయిద్యమైతే మాత్రం అద్దె ఒప్పందం చదవండి. బీమా వాళ్ళదో మీదో అందులో ఉంటుంది.

(ఇంకొక శ్రోత: మా మూడేళ్ళవాడు తంబురా పడేస్తే ఇస్తారా?)

పొరపాటున జరిగే నష్టానికి రక్షణ తీసుకుని ఉంటే ఇస్తారు. మూడేళ్ళ పిల్లాడు కావాలని చేశాడని ఎవరూ అనరు. ఫారంలో వాడే పడేశాడని రాయండి. వాణ్ణి కాపాడదామని పిల్లి పడేసిందని మాత్రం రాయకండి. పెంపుడు జంతువులు చేసిన నష్టం చాలా పాలసీల మినహాయింపుల్లోనే ఉంటుంది. (నవ్వులు)